వలలు లేని పులికాట్ నాకు వద్దు

తిరుపతిలో మేం ఉదయం నడకకు వెళ్ళే చోట ఒక చిన్న బృందం ఉంది. రిటైరైన ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు, నాలాంటి వాళ్ళు. నాలుగైదేళ్ళ విరామం తర్వాత 2025 జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ మళ్ళీ జరిగినప్పుడు వారం రోజులు మా మాటలన్నీ పులికాట్ చుట్టూనే తిరిగాయి. సూళ్ళూరుపేట వెళ్ళొచ్చిన ఒక పెద్దాయన ఫోన్‌లో ఫోటోలు చూపిస్తూ, "అన్నీ బాగున్నాయి గానీ ఆ పడవలూ వలలూ చూస్తే ప్రాణం ఉసూరుమనింది. అభయారణ్యం అన్నాక మనుషులెందుకక్కడ? జాలర్లకు వేరే చోట ఇళ్ళిచ్చి పంపించేస్తే తప్ప ఆ పక్షులు మిగలవు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నట్టు తలూపారు.

ఆయనకు పక్షులంటే నిజంగా ప్రేమ. మనవడికి బైనాక్యులర్స్ కొనిచ్చి మరీ తీసుకెళ్ళిన మనిషి. అందుకే ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేకపోయాను. ప్రకృతి బాగుండాలని కోరుకునే చదువుకున్న వాళ్ళలో చాలామంది సరిగ్గా ఇదే అంటున్నారు. సూళ్ళూరుపేట, తడ, దొరవారిసత్రం 2022 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి మన జిల్లాలోకి వచ్చాయి. అంటే పులికాట్ గురించి తిరుపతిలో కూర్చుని మాట్లాడే మాటలకు ఇప్పుడు బరువు పెరిగింది. వాటిలో కొన్ని కలెక్టరేట్ దాకా వెళ్తాయి.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. జాలర్లను పంపించేస్తే పక్షులు మిగలకపోగా, సరస్సు చచ్చిపోతోందని మొదట గుర్తించి గొడవ చేసే మనుషులు కూడా లేకుండా పోతారు.

నేలపట్టు చెట్లు, పులికాట్ చేపలు

సందర్శకుల్లో ఎక్కువ మంది నేలపట్టునూ పులికాట్‌నూ రెండు వేర్వేరు చోట్లుగా చూస్తారు. ఒకచోట టవరెక్కి గూళ్ళు చూడటం, ఇంకోచోట కారాపి ఫ్లెమింగోలను చూడటం. రెండింటినీ 1976లోనే అభయారణ్యాలుగా ప్రకటించారు. నేలపట్టు అంతా కలిపి 459 హెక్టార్లు. పులికాట్ అరవై కిలోమీటర్ల పొడవున, రెండు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంటుంది. దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే.

ఈ రెంటినీ కలిపేది గూడబాతు, అంటే పెలికాన్. ఈశాన్య రుతుపవనాల వానలకు నేలపట్టు చెరువు నిండితే నీటిలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పక్కనే నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు. జనవరిలో టవర్ మీద నుంచి చూస్తే ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంటాయి. గాలి ఇటు తిరిగిందంటే రెట్టల ఘాటు ముక్కుకు కొడుతుంది. ఒకసారి అక్కడ ఒక గూటినే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తల్లి వచ్చి వాలగానే పిల్ల రెక్కలు టపటపలాడించి, తన తలను తల్లి నోట్లోంచి గొంతులోకి, దాదాపు భుజాల దాకా దూర్చేసింది. లోపలున్న చేపను అది పెనుగులాడి లాక్కుంటుంటే తల్లి మెడ అటూ ఇటూ ఊగిపోతోంది. ఆ పిల్ల తల బయటికి తీసేసరికి పక్క పిల్ల దూరింది. పిల్లలు పెరిగేకొద్దీ తిండీ పెరుగుతుంది. ఇన్ని గూళ్ళలో ఇన్ని పిల్లలకు సరిపడా చేప ఆ ఒక్క చెరువులో దొరకదు. తల్లీ తండ్రీ కిలోమీటర్ల దూరం ఎగిరి పులికాట్‌కు వెళ్ళి తెస్తాయి. నేలపట్టు పురిటిల్లయితే పులికాట్ వంటిల్లు.

ఇక్కడే ఇంకో మాట. పేపర్లలో వీటన్నిటినీ కలిపి 'విదేశీ అతిథులు' అని రాసేస్తున్నారు. సూదితోక బాతుల్లాంటివి ఉత్తరాసియా నుంచి వస్తాయి, నిజమే. సముద్రపు రామచిలుకలని ఇక్కడివాళ్ళు పిలిచే ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్ళు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. కానీ నేలపట్టులో గూడు కట్టే గూడబాతు మన పక్షి. దక్షిణ భారతం, శ్రీలంక, ఆగ్నేయాసియాలో కొంత భాగం దాని ఇల్లు. నత్తగుల్ల కొంగా కంకణాయీ అంతే. వానలు సరిగా పడని ఏడు ఇవి ఇక్కడ గూళ్ళు పెట్టకుండా వేరే చోటు వెతుక్కుంటాయి. అతిథి అనుకుంటే రాలేదని బాధపడి ఊరుకుంటాం. ఇంట్లో మనిషి అనుకుంటే ఎందుకు వెళ్ళిపోయిందని అడుగుతాం. నేలపట్టు రైతులకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పారితే పొలానికి ఎరువు పెట్టినట్టేనని వాళ్ళంటారు. ఆ పక్షులు తమవని వాళ్ళు అనుకోవడానికి ఎవరూ అవగాహన సదస్సు పెట్టాల్సిన పని లేకపోయింది.

నీళ్ళు ఎక్కడ ఆగిపోయాయి

పులికాట్‌కు ప్రాణం ఇచ్చేవి రెండు నీళ్ళు. పడమటి నుంచి కలంగి నది, దక్షిణాన ఆరణి నది తెచ్చే వాన నీళ్ళు. తూర్పున ముఖద్వారాల గుండా ఆటుపోట్లతో వచ్చే సముద్రం నీళ్ళు. ఈ రెండూ కలిసేచోట రొయ్య పెరుగుతుంది. తల్లి రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. కంటికి ఆనని పిల్లలు పోటుతో పాటు ముఖద్వారం దాటి సరస్సులోకి వచ్చి, ఇక్కడి మెత్తటి బురదలో తిని పెరిగి, మళ్ళీ సముద్రానికి వెళ్తాయి. పండుగప్ప లాంటి చేపలకూ ఈ రాకపోకలు కావాలి. తలుపు మూసుకుపోతే లోపలి పిల్ల బయటికి పోలేదు, బయటి పిల్ల లోపలికి రాలేదు.

మూడు ముఖద్వారాల్లో దక్షిణాన పళవేర్కాడు దగ్గరున్నది తమిళనాడులో ఉంది. మనవైపు రాయదొరువు, తూపిలిపాళెం. ఈ రెండూ ఇసుక మేటలతో పూడిపోతున్నాయని జాలర్లు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా పూడిక తీయిస్తామన్న హామీ వినపడుతూనే ఉంది. సరస్సు సగటు లోతే ఒక మీటరుకు అటూ ఇటూ. సముద్రం నీళ్ళు రాక, నది నీళ్ళు చాలక, ఎండాకాలం వచ్చేసరికి ఉత్తరం వైపు బీళ్ళు పడుతుంది. పడవలు తిరిగిన చోట గొడ్లు మేస్తాయి. మిగిలిన మడుగుల్లో ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది.

బీవీ పాళెంలో పడవ నడిపే ఒకాయనతో మాట్లాడాను. వయసులో నాకన్నా పెద్దాయన. "ఈ ఏడు ఎట్లుందన్నా?" అని అడిగితే, "కలంగి పొంగినప్పుడు నెల రోజులు బతికినాం సార్. ఆ తర్వాత నీళ్ళు యాడికీ కదల్లేదు. కదలని నీళ్ళలో రొయ్య ఎదగదు" అన్నాడు. గూడబాతుల సంగతి అడిగితే చేత్తో తూర్పు వైపు చూపించి, "మేం యాడ వల వేస్తే అవి ఆడికే వస్తాయి. మాకు పడలేదంటే వాటికీ లేదని అర్థం" అన్నాడు. వల నింపే చేపా గూటిలో పిల్ల నోట్లోకి వెళ్ళే చేపా వచ్చేది ఒకే తలుపు గుండా. ఆ తలుపు మూసుకుపోతే ఇద్దరికీ ఒకేసారి ఆకలి మొదలవుతుంది. పక్షులు తగ్గాయని మనకు జనవరి గణనలో తెలుస్తుంది. వీళ్ళకు అంతకు నెలల ముందే తెలిసిపోతుంది.

ఇసుక ఎందుకు మేటవేస్తోంది? మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. ఆ దారిలో కనపడిన సందునల్లా పూడ్చేస్తాయి. వానాకాలంలో నదులు ఉరవడిగా వచ్చి లోపలి నుంచి తోస్తేనే ఆ మేట కొట్టుకుపోతుంది. ఆరణి మీద పిచ్చాటూరులో జలాశయం ఉంది. కలంగి పొడుగునా కట్టలూ చెరువులూ ఉన్నాయి. వాటి కింద రైతులకు నీళ్ళు కావాలి, కాదనను. నాకు అభ్యంతరం ఒక్కటే. మన పేపర్లలో, అసెంబ్లీలో సరస్సుకు చేరిన నీటిని కూడా వృథాగా సముద్రం పాలైన లెక్కలోనే రాస్తారు. ఆ నీరు ఒక ముఖద్వారాన్ని తెరుస్తుంది, వేల కుటుంబాలకు రొయ్యనిస్తుంది, గూడబాతు పిల్లలను పెంచుతుంది. ఇంతకన్నా కష్టపడి పనిచేసిన నీరు మన జిల్లాలో ఎక్కడుంది?

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును అడ్డంగా కోస్తూ వెళ్ళే రోడ్డు సంగతీ చెప్పాలి. మనమంతా ఫ్లెమింగోల ఫోటోలు తీసుకునేది ఆ రోడ్డు మీద నిలబడే. కింద తూములున్నా, రెండు వైపులా నీళ్ళు స్వేచ్ఛగా కలవకుండా ఆ కట్ట అడ్డుపడింది. రాకెట్ కేంద్రం దేశానికి అవసరం. మనుషుల రాకపోకలు తక్కువగా ఉండటం వల్లే ఆ దీవిలో అడవి ఇంకా పచ్చగా ఉంది, అదీ నిజమే. కానీ ఇదే కేంద్రం కోసం తరతరాలుగా ఆ దీవిలో బతికిన యానాదులను అక్కడి నుంచి తరలించారని మరిచిపోతున్నాం. పులికాట్‌లో మనుషుల్ని లేపి వేరే చోట పెట్టడం మనం ఒకసారి చేసి చూసిన పనే. ఆ యానాదుల పిల్లలూ మనవళ్ళూ ఎలా బతుకుతున్నారో సూళ్ళూరుపేట, తడ చుట్టుపక్కల కాలనీల్లో చూసినవాళ్ళెవరూ ఇంకోసారి తరలిద్దామని తేలిగ్గా అనలేరు.

జాలర్ల తప్పులు లేవా

ఉన్నాయి. దోమతెరంత సన్నని కన్నులున్న వలలు వాడుతున్నారు. వేలెడు లేని పిల్లలు కూడా వాటిలో పడిపోతాయి. పక్షులను పట్టి మాంసానికి అమ్మేవాళ్ళు ఉన్నారు. అది నేరం, శిక్ష పడాల్సిందే. ఆ మాంసం కొని తినేవాళ్ళు మాత్రం కార్లలో వచ్చే పట్నంవాళ్ళు. అడిగేవాడు ఉన్నంతకాలం పట్టేవాడు ఉంటాడు. ఆంధ్ర, తమిళనాడు జాలర్ల మధ్య హద్దుల గొడవలు తరచూ ముదురుతాయి. పడవలు పట్టుకోవడం, వలలు లాక్కోవడం దాకా పోతాయి. చేప తగ్గేకొద్దీ ఈ టెన్షన్ పెరుగుతుంది, టెన్షన్ పెరిగేకొద్దీ దొరికింది దొరికినట్టు పట్టేద్దామన్న ఆత్రం పెరుగుతుంది. సన్న వల ఆ ఆత్రంలోంచి వచ్చిందే.

కానీ ఈ సరస్సులో 'పాడు' అనే ఏర్పాటు కూడా ఉందని మా నడక బృందంలోని పెద్దాయనకు తెలిసి ఉండదు. చేపలు బాగా పడే చోట్లను ఊరివాళ్ళు వంతులుగా పంచుకుంటారు. చీటీలు వేసి, ఏ చోట ఏ రోజు ఎవరు వల వెయ్యాలో నిర్ణయించుకుంటారు. పోలీసు లేడు, అధికారి లేడు. అందరికీ ఒకేచోట ఒకేరోజు హక్కుంటే సరస్సు ఏమవుతుందో పుస్తకాల్లోకి ఎక్కకముందే వీళ్ళకు తెలుసు. పాడు అన్ని ఊళ్ళలో లేదు. అందులో చోటు దక్కని కులాలవాళ్ళకు ముఖ్యంగా యానాదులకు ఇందులో అన్యాయం జరుగుతోంది, దాన్ని దాచను. మోకాలి లోతు నీళ్ళలో వంగి, తాటాకు బుట్టను పళ్ళతో కరిచి పట్టుకుని, రెండు చేతులతో బురద తడుముతూ ఒక్కో రొయ్యనూ ఏరుకునే ఆడవాళ్ళను ఈ సరస్సులో చూశాను. వలే లేని ఆమె వల్ల ఏ పక్షికి ముప్పు? అందర్నీ పంపించేద్దాం అన్నప్పుడు మొదట పోయేది ఆమెనే.

సరస్సును నిజంగా భయపెట్టిన పెద్ద చేతులు వేరే. 1990లలో తీరమంతా రొయ్యల చెరువులు తవ్వుతున్నప్పుడు గాంధేయవాది జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1996 డిసెంబరులో వచ్చిన ఆ తీర్పు చిలికాకూ పులికాట్‌కూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు వద్దని చెప్పింది. నేలపట్టు పేరు కూడా అందులో ఉంది. ఆ కేసులో కోర్టు ముందున్న ప్రశ్న పెట్టుబడి పెట్టి తవ్విన చెరువుల గురించి. చిన్న పడవ మీద బతికే జాలరి గురించి కాదు.

కొల్లేరు సంగతేమిటని మా బృందంలో ఒక లెక్చరర్ అడిగారు. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చి ఖాళీ చేయించలేదా అన్నారు. మంచి ప్రశ్నే. కొల్లేరులో గట్లు తెగగొట్టడం అవసరమే, సరస్సును కట్టలు కట్టి ముక్కలు చేసేశారు కాబట్టి. పులికాట్ జాలరి సరస్సుకు గట్టు కట్టలేదు. అతనికి కావలసింది గట్టు లేని నీళ్ళే. పైగా కొల్లేరులో ఆ తర్వాత ఏం జరిగిందో అందరూ చూశారు. మళ్ళీ గట్లు లేచాయి, మళ్ళీ కోర్టులు. అక్కడి చిన్న జాలరికి పాత చేపలవేట తిరిగి దక్కేలా చేసి ఉంటే కాపలాకు వేలమంది దొరికేవాళ్ళని నా నమ్మకం.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు. "అయితే వాళ్ళ పిల్లలు జాలర్లుగానే ఉండిపోవాలా? చదువుకోవద్దా?" ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇరకం దీవిలో పుట్టిన పిల్లకు ఆస్పత్రికో కాలేజీకో వెళ్ళాలంటే పడవే దారి. అలా ఉండిపొమ్మని ఒడ్డున కూర్చుని చెప్పే హక్కు నాకు లేదు. చదువుకోవాలి, వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఇప్పటికే చాలామంది చేరారు. కానీ చేప లేక వెళ్ళడం వేరు, వేరే పని నచ్చి వెళ్ళడం వేరు. ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది మొదటిది.

పూడిక తీస్తే సరిపోతుందా

నాకే గట్టిగా ఉన్న సందేహం ఇది. ముఖద్వారాలు తెరవాలి అంటున్నాను సరే, ఫ్లెమింగో సంగతేమిటి? అది తల కిందులుగా పెట్టి, ముక్కుతో బురదనీళ్ళను వడగట్టి సన్నని పురుగులనూ నాచునూ తింటుంది. దానికి కాళ్ళు ఆనే లోతే కావాలి. ఉత్తరం వైపు పల్చటి నీళ్ళు, బురద మైదానాలు ఉండబట్టే అది వేలల్లో దిగుతోంది. సముద్రం నీళ్ళు దండిగా వచ్చి లోతు పెరిగితే గూడబాతుకూ జాలరికీ మేలు జరిగి, ఫ్లెమింగో పొట్ట కొట్టినట్టవుతుందేమో. జాలరి పక్షాన మాట్లాడేవాళ్ళు, నాతో సహా, ఈ ప్రశ్నను దాటేస్తే న్యాయం కాదు.

చిలికాలో ఇదే తంటా వచ్చింది. పూడికతో చేప తగ్గి, కలుపు పెరిగి, 1993లో ఆ సరస్సు ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ ప్రాంతాల, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల, జాబితాలోకి ఎక్కింది. అంతకుముందే ఒడిశా ప్రభుత్వం సరస్సు కోసమే ఒక సంస్థను పెట్టింది. ఆ సంస్థ చదివి, కొలిచి, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వించింది. చేపల దిగుబడి బాగా పెరిగింది. 2002లో చిలికా ఆ ప్రమాద జాబితా నుంచి బయటపడింది. పక్షులు అక్కడి నుంచి పారిపోలేదు. అలాగని దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. చిలికాకు మహానది పాయల నీళ్ళున్నాయి. మనకు వానకు పొంగి ఎండకు ఎండే చిన్న ఏర్లు. యంత్రాలు పెట్టి ముఖద్వారం తవ్వి, లోపలి నుంచి నది తోపు లేకపోతే రెండేళ్ళలో మళ్ళీ ఇసుకే.

ఆలోచించగా నాకు అర్థమైంది ఇది. సరస్సు అడుగంతా తవ్వడం వేరు, ముఖద్వారం తెరవడం వేరు. మొదటిది ఫ్లెమింగో తిండిని లారీల్లో ఎత్తిపోసినట్టవుతుంది, దానికి ఎవరూ ఒప్పుకోకూడదు. రెండోది ఆటుపోట్లకు దారి ఇస్తుంది. నీరు రోజూ కొంత ఎక్కి కొంత దిగితే పల్చటి అంచులు పల్చగానే ఉంటాయి, పైగా ఎండాకాలంలో పూర్తిగా ఎండిపోకుండా తడిగా ఉంటాయి. కాంట్రాక్టరుకు లాభం మొదటి పనిలో ఎక్కువ. అందుకే పూడికతీత అన్న మాట వినపడగానే, ఎక్కడ, ఎంత లోతు, తీసిన ఇసుక ఎటు పోతుంది అని అడగాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. చిలికాకున్నట్టు పులికాట్‌కూ ఒక సంస్థ కావాలి, రెండు రాష్ట్రాలూ కలిసి నడిపేది. సరస్సులో ఎక్కువ భాగం మనవైపు ఉంది కాబట్టి మొదటి అడుగు మనమే వెయ్యాలి. అందులో అటవీ శాఖ, మత్స్య శాఖ, నీటిపారుదల వాళ్ళతో పాటు పడవ ఉన్న జాలరికీ వల లేని యానాది స్త్రీకీ కుర్చీ ఉండాలి. ఈశాన్య వానలకు ముందే ముఖద్వారాల మేట తొలగించి, వరద వచ్చినప్పుడు పిచ్చాటూరు నుంచీ కలంగి నుంచీ సరస్సుకు ఇంత నీరని ముందే లెక్క కట్టి వదలాలి. సన్న వల ఒక్కసారిగా లాక్కోకుండా, దానికి బదులు సరైన వల ఇచ్చి ఆపించాలి. ఏటా జనవరిలో ఎలాగూ నీటిపక్షుల గణన జరుగుతుంది. ఆ ఏడాది బీవీ పాళెంలో, ఇరకంలో, వాకాడు తీరంలో రొయ్య ఎంత పడింది, పీత ఎంత పడింది అన్న లెక్కను కూడా అదే కాగితం మీద, పక్షుల అంకె పక్కనే అచ్చు వెయ్యాలి. ఫెస్టివల్ వేదిక మీద మంత్రిగారు చదివేది ఆ రెండు అంకెలూ కలిపి చదవాలి.